కూకున్న కాడే పద్దెనిమిది వేలడుగులు

పర్లాకిమిడిలో మా వీదోలెవులు ఫోను కొనాలన్నా
ముందు నన్నడగాల.
జాకెట్టు కొలతలిచ్చీసి, గుమ్మం కాడ ఆగి,
"అసిరత్తా, పదేలలో ఏది మంచిదే?" అంటారు.
పళ్ళ మద్దిన సూది తీసి సెప్తాను.

కెమెరాకి నాలుగు కళ్ళున్నాయని మురిసిపోకండి,
అందులో మూడు ఉత్తినే కుట్టిన గుండీలు,
కాజాల్లేవు వాటికి.
బేటరీ సూడండి.
గాలివానకి మూడ్రోజులు కరెంటు పోయినపుడు
అద్దంలాటి ఫోన్లన్నీ సచ్చి పడున్నాయి.
నా మొద్దుది, ఇటికిరాయంత బరువుది,
వీదందరికీ కబుర్లు మోసింది.

మొకానికి సున్నం కొట్టే ఆప్ ఒకటుంది,
అదంటే నాకు కంపరం.
నాది సింతగింజ రంగు.
అడక్కుండానే అది కడిగీసి
ఎవుల్దో మొకం తెచ్చి నా మెడ మీద కుట్టీసింది.
టాకాలిప్పినట్టు ఇప్పి పారీసినాను.

సిగ్నలంటారా,
మిషను కాడ కూకుంటే ఆంద్రాది,
పొయ్యి కాడకెల్తే ఒరిస్సాది.
ఫోను ఆంద్రాలో మోగుతాది,
నానెత్తి మాటాడీ లోపల
కూర ఒరిస్సాలో మాడుతాది.

బేంకు ఆప్ తెరిస్తే ఏ బాస అనడుగుతాది.
ఒడియా ఉంది, హిందీ ఉంది, ఇంగిలీసు సరేసరి.
మా వీది బాస నేదు.
పోన్లే, ఏడో కలాసు దాకా ఒడియా బళ్ళోనే సదివినాను,
అదే నొక్కుతాను.
డబ్బులు కోసీసిన్నాడు మాత్తరం
తెలుగులోనే తిడతాను.

మొన్న పాణిగ్రాహి మేస్టారి పెళ్ళాం
కొలతలు ఒడియాలో రాసి పంపితే
సదివిపెట్టే ఆప్ కింద పెట్టినాను, సరదాకి.
తెలుగనుకుని సేనాసేపు తికమక పడింది పాపం.
దాని తప్పేటుంది?
గొడుగేసుకున్న అచ్చరాలు, తలకట్టు సుట్టుకున్న అచ్చరాలు
ఇక్కడ ఒకే సంతలో బుజాలు రాసుకు తిరుగుతాయి.

మాటలిని రాసే ఆప్‌కి
మా యాస నేర్పుదామని నోరు నొప్పెట్టేలా వాగినాను.
ఒకనాడు పాతపట్నంలో ఉన్న మా సెల్లి దాలమ్మకి
"ఏటి సేత్తన్నావు?" అన్నాను.
"ఏటి సేతువు" అని రాసి పంపీసింది.
"ఏ ఏరే? మహేంద్రతనయేనా?" అని
అటుపక్క నుంచి అది పగలబడి నవ్వింది.
దిద్దనేదు నాను.
ఇప్పటికీ దాన్ని పలకరించాలంటే
అలాగే రాస్తాను, ఏటి సేతువు అని,
ఈసారి నా యేలితో.

ఇంక అడుగులు లెక్కెట్టే ఆప్.
మిషను బల్ల మీద ఫోనుంచి తొక్కుతుంటే
బల్ల అదిరిన్నప్పుడల్లా ఒకడుగు రాసుకుంటాది.
నిన్న పద్దెనిమిది వేలు.
శబాసంది. బొమ్మ బంగారు పతకం ఏసింది.
పటంలో సూస్తే
నా నీలం సుక్క ఉన్న కాడే ఉంది,
మేకు కొట్టినట్టు.

ఇరవై రెండేళ్ళై తొక్కుతున్నాను.
జాకెట్లు లెక్కెట్టుకున్నారు, హుక్కులు లెక్కెట్టుకున్నారు,
మిగిలిన గుడ్డ బెత్తెడో జానెడో
అదీ లెక్కెట్టి పట్టుకెల్లినారు.
కాలు లెక్కెట్టినోలు నేరు.

"అత్తా, అది తప్పు లెక్క కదేటి?"
అంది మా పక్కింటి గుంట జెమున,
కొత్త ఫోను పెట్టి ఇప్పుతూ.
తప్పేనే. అబద్దాలకోరు ఆప్.
బేటరీ కూడా బేగి తాగీస్తాది.
నీ ఫోన్లో ఎక్కించకు, అన్నాను.

అది ఎల్లినాక
సార్జీ తీగ పెట్టి
ఫోను మల్లీ బల్ల మీదే ఉంచినాను.
పీకో కుట్టాల్సిన సీరలు ఇంకా నాలుగున్నాయి.